అమావాస్య నాడు తిరిగిన రంపం

నేను చెప్పేవాటిలో కోతలుంటాయి. గుడివాడలో నన్ను ఎరిగినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. మా ఆవిడకైతే మరీను. నేను నలుగురిలో కూర్చుని ఏదైనా మొదలెడితే చాలు, వంటింట్లోంచే కేకేస్తుంది, సగం తీసేసి వినండి అని.

ఇది చెప్పేటప్పుడు మాత్రం కేకెయ్యదు. ఎందుకంటే ఆ మర్నాడు నేను ఇంటికొచ్చిన వాలకం ఆవిడ చూసింది. చెప్పులు కూడా విడవకుండా వచ్చి మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. కాఫీ వద్దన్నాను. నలభై ఏళ్ళ కాపురంలో నేను కాఫీ వద్దనడం ఆవిడ వినలేదు.

కాబట్టి ఇది జరిగింది. నాకే జరిగింది. నా రెండు కళ్ళ మీద ఒట్టు... శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న కళ్ళే అనుకోండి, అయినా ఒట్టు ఒట్టే. మధ్యలో ఎక్కడైనా నోరు జారి పెంచితే, నేనే ఆగి చెప్పేస్తాను. పెంచడం నా చేతిలో లేదు. దాచుకోవడం కూడా నా వల్ల కాదు.

నా పని మోటారు వైండింగు. పంపుసెట్లు, మిక్సీలు, చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాల మోటార్లు... ఏది కాలిపోయినా నా షాపుకే వచ్చేది. ఇప్పుడు షాపు మూసేశాను. చెయ్యి వణుకుతోంది. అయినా పాత ఖాతాదార్లు ఇంటికొస్తూనే ఉంటారు.

అలా వచ్చినవాడే ఏడుకొండలు. ముదినేపల్లి దగ్గర చెరువుల మీద కాపలా పని. చెరువు మోటారు ఎప్పుడు చెడినా భుజానేసుకుని వచ్చేవాడు. ఆ రోజు మాత్రం ఉత్త చేతులతో వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

సంగతి చెప్పాడు. వాళ్ళ అక్క నాగరత్నం. ఊరు దివిసీమలో, నాగాయలంక దాటి ఇంకా కిందికి, సముద్రం వైపు. బావ నాంచారయ్య పడవలు కట్టే వడ్రంగి. ఆ వైపు ఒక ఆనవాయితీ ఉందట. కొత్త పడవ మొదటిసారి సముద్రంలోకి దిగితే, కట్టిన వడ్రంగి కూడా ఎక్కాలి. తన పని మీద తనకి నమ్మకం ఉందని చూపించాలి. నాంచారయ్య ఎక్కాడు. నది సముద్రంలో కలిసే చోట అల కొట్టి పడవ తిరగబడింది. ఎక్కినవాళ్ళంతా ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. నాంచారయ్య రాలేదు.

శవం దొరకలేదు. అదే వచ్చిన చిక్కు. శవం దొరకలేదు కాబట్టి నాగరత్నం ఒప్పుకోలేదు. ఏ ఒరిస్సా పడవో ఎక్కించుకుపోయి ఉంటుంది, వస్తాడు, అంటుంది. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. కర్మ చెయ్యనివ్వలేదు. వానాకాలం వెళ్ళింది, చలికాలం వెళ్ళింది.

ఆ మధ్యలోనే మొదలైందట. నాంచారయ్య రంపం... దానంతటదే తిరగడం. స్విచ్చి ఆపి ఉండగానే. పాకలో ఎవరూ లేకుండానే. అది కూడా అమావాస్య రాత్రుళ్ళే.

నేను నవ్వాను. ఏడుకొండలు నవ్వలేదు.

ఊరంతా ఒకటే మాటట. నాంచారయ్య పోయాడు, నీళ్ళు వదిలేవాళ్ళు లేక వచ్చి అడుగుతున్నాడు, ఇంకా ఆలస్యం చేస్తే మంచిది కాదు అని. పంతులుగారిని మాట్లాడారు. శవం లేకపోతే దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికే దహనం చేసి, కర్మ చేస్తారు కదా. అలాగే చేద్దామన్నారు. రేపు అమావాస్య. ఎల్లుండి పొద్దున్నే బొమ్మ.

అయితే ఇక నేనెందుకురా అన్నాను.

అక్క ఒక షరతు పెట్టిందండి, అన్నాడు. కరెంటు తెలిసిన మనిషిని తీసుకొచ్చి ఆ రంపం చూపించాలిట. అది కరెంటు వల్ల తిరుగుతోందని తేలితే, ఆయన బతికే ఉన్నట్టు. బొమ్మా లేదు, కర్మా లేదు. కరెంటు కాదని తేలితే... అప్పుడు బొట్టు తీసేస్తుందట. మారు మాట్లాడదట.

నా జన్మలో చాలా మోటార్లు విప్పాను. ఏ మోటారు మీదా ఒక మనిషి చావూ బతుకూ పెట్టి నా ముందుకి తేలేదు ఎవరూ.

రానందామనుకున్నాను. కానీ ఏం చెయ్యను, నా బుద్ధి అటువంటిది. స్విచ్చి ఆపినా తిరిగే మోటారు అంటే... ఎందుకు తిరుగుతుందో చూడకపోతే నాకు నిద్ర పట్టదు.

అమావాస్య నాడు పొద్దున బయల్దేరాం. పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సు. మోపిదేవిలో జనం దిగితే కాస్త సీటు దొరికింది. నాగాయలంక నుంచి ఆటో. ఆ తరవాత రోడ్డు సన్నబడిపోయింది. రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటి వెనక మడ చెట్లు. గాలిలో ఉప్పు. పెదాలు నాకితే తగులుతుంది.

ఇల్లు నది పాయ ఒడ్డున. పక్కనే తాటాకు పాక. అదే నాంచారయ్య పనిచోటు. సగం కోసిన బల్లలు అలాగే పేర్చి ఉన్నాయి. ఓ మూల మంచం.

నాగరత్నం నలభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంది. నుదుట పెద్ద బొట్టు. చేతులనిండా గాజులు. నన్ను చూడగానే మంచినీళ్ళిచ్చింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. నా సంచీ వైపు చూసి, టెస్టరు తెచ్చారా అని అడిగింది.

ఆ రంపం ఎలా ఉందో చెప్పాలి. అది చేత్తో పట్టుకుని కోసే కరెంటు రంపం. దాన్ని తలకిందులు చేసి ఇనప బల్ల కింద బోల్టులతో బిగించాడు. బల్ల మధ్యలో సందు చేసి, గుండ్రటి బ్లేడు ఆ సందులోంచి పైకి వచ్చేట్టు పెట్టాడు. చెక్కని బల్ల మీద పెట్టి ముందుకి తోస్తే కోసుకుపోతుంది. మీట నొక్కి ఉంచడానికి సైకిలు ట్యూబు ముక్కతో కట్టేశాడు. ఇక నడపడం, ఆపడం అంతా స్తంభానికున్న స్విచ్చితోనే. చిన్న వడ్రంగులందరూ చేసేదే. బల్ల కాళ్ళు నాలుగూ మట్టిలో దిగి ఉన్నాయి.

వెంటనే విప్పబోయాను. నాగరత్నం ఆగమంది. ఈవేళ అమావాస్య కదండీ, ముందు దానికి నీళ్ళు పొయ్యాలి అంది.

నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. వడ్రంగులు అమావాస్యకి పని చెయ్యరు. ఆ రోజు పనిముట్లు శుభ్రం చేసి, పసుపు రాసి, బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. నాంచారయ్య ఏ అమావాస్యా తప్పేవాడు కాదట. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి, వచ్చేదాకా ఆ పని ఆవిడ చేస్తోంది.

చూస్తూ నిలబడ్డాను. మెయిన్ కట్టేసింది. జాగ్రత్త తెలిసిన మనిషే. ఉలులు, సుత్తి, చిత్రిక, అన్నీ కడిగి వరసగా పెట్టింది. ఆ తరవాత పెద్ద చెంబునిండా పసుపు నీళ్ళు కలుపుకుని... బ్లేడు మీద నుంచి, బల్ల మీద నుంచి, కింద మోటారు మీద నుంచి... పసిపిల్లకి తలంటినట్టు పోసింది.

ఆయన కూడా ఇలాగే పోసేవాడా అమ్మా అని అడిగాను. ఏమోనండి, ఆడవాళ్ళు పనిముట్ల దగ్గరికి వెళ్ళకూడదనేవారు, నేనెప్పుడూ చూడలేదు, అంది.

ఆయన తడిగుడ్డతో తుడిచి ఉంటాడు. ఏ వడ్రంగైనా అంతే చేస్తాడు.

చీకటి పడగానే మెయిన్ వేసింది. పాకలో రాత్రంతా బల్బు వెలగాలట. ఆయన ఏ రాత్రో వస్తే దారి కనబడాలి కదా. స్విచ్చి ఆపే ఉంది. నేనే నా చేత్తో నొక్కి చూశాను, ఆపే ఉంది.

కూర్చున్నాం. ఏడుకొండలు, నేను. నాగరత్నం మంచం పక్కన నిలబడింది. అమావాస్య పోటు కదా, పాయలో నీళ్ళు పైకి వస్తున్న చప్పుడు... బుడ్... బుడ్... అని. పాకలో నేల మెల్లగా నల్లబడింది. బల్ల కాళ్ళ చుట్టూ మట్టి మెరిసింది.

అప్పుడు లేచిందండీ రంపం. సింహం గర్జించినట్టు... పాక అదిరిపోయి, తాటాకులు రాలిపడి...

ఆగండి. పెంచేస్తున్నాను.

సింహం కాదు. పిల్లి గుర్రుమన్నంత. బ్లేడు నీరసంగా తిరిగింది. ఆగుతూ, తిరుగుతూ. ఏడుకొండలు చటుక్కున బయటికి వెళ్ళిపోయాడు. నాగరత్నం కదల్లేదు. దాన్ని చూస్తూ బ్లేడు దగ్గరికి చెయ్యి చాపబోయింది. నేను అరిచాను. టెస్టరు తీసి బల్ల అంచుకి ఆనించాను. ఎర్రగా వెలిగింది. ఆ బల్లంతా కరెంటే. ఇన్ని అమావాస్యలు ఆ మనిషి ఆ బల్లని తాకకుండా ఎలా బతికిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మెయిన్ కట్టేసి, టార్చి వెలుగులో బోర్డు విప్పాను. కిటుకంతా తెలిసిపోయింది.

స్విచ్చి ఎప్పుడూ కరెంటు వచ్చే ఫేజు వైరు మీద ఉండాలి. ఇక్కడ వైర్లిచ్చినవాడు అటుదిటు చేశాడు. స్విచ్చి న్యూట్రల్ మీద పడింది. అంటే స్విచ్చి ఆపినా కరెంటు మోటారు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. వెనక్కి పోయే దారి లేక ఊరుకుంటుంది, అంతే. ఆ దారి పసుపు నీళ్ళిచ్చాయి. మోటారులోకి కారి, లోపల పేరుకున్న బొగ్గు పొడితో కలిసి, ఇనప బల్లలోకి. బల్ల కాళ్ళలోంచి పోటుకి తడిసిన ఉప్పు మట్టిలోకి. ఒక్క అమావాస్యకే ఎందుకంటే, నీళ్ళు పోసేదీ అమావాస్యకే, పోటు పాకలోకి వచ్చేదీ అమావాస్యకే.

పున్నానికీ పోటొస్తుంది. కానీ పున్నానికి ఎవరూ తలంటరు.

మోటారు పక్క మూతలు తీసి చూపించాను. లోపల కాయిళ్ళ మీద పసుపు మరక. చారలు చారలుగా. నాగరత్నం వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"కరెంటేనా బాబాయిగారూ?"

"కరెంటేనమ్మా. దయ్యం లేదు, ఏమీ లేదు. నువ్వు పోసిన నీళ్ళే."

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఏడ్చిందనుకున్నారా? నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేట్టు నవ్వింది. ఏవండోయ్, వచ్చాక ఈ సంగతి తెలిస్తే నన్ను ఊరంతా తిప్పి మరీ తిడతారు అంది... అక్కడ లేని మొగుడితో. లోపలికి వెళ్ళి అన్నం వండింది. మాకు చేపల పులుసు పోసింది. తనూ తింది. అక్క కడుపునిండా తినడం బావ పోయాక... అనబోయి, ఏడుకొండలు ఆగిపోయాడు.

కథ ఇక్కడ ఆపెయ్యచ్చు. చాలామందికి ఇక్కడే ఆపేస్తాను. వాళ్ళు నవ్వుకుంటూ లేచి వెళ్ళిపోతారు.

అన్నాలయ్యాక వెళ్ళి బోర్డులో వైర్లు సరిచేశాను. స్విచ్చి ఫేజు మీదకి మార్చాను. మోటారు తడి ఆరేదాకా నడపకూడదు కదా. అందుకని రంపం వైరు బోర్డులోంచి పూర్తిగా పీకేశాను. కొసలకి టేపు చుట్టాను. మోటారులో కార్బన్ బ్రష్షులుంటాయి, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు. అవి అరిగిపోయాయి, పొద్దున కొత్తవి వేద్దామని రెండూ బయటికి తీసి రుమాల్లో కట్టుకుని జేబులో పెట్టుకున్నాను. అవి లేకపోతే వైరిచ్చినా సరే ఆ మోటారు తిరగదు. తిరగడానికి వీల్లేదు. నా యాభై ఏళ్ళ పని మీద చెబుతున్నాను.

నేను పాకలో మంచం మీదే పడుకుంటానన్నాను. కాస్త గొప్ప కోసం, నిజమే. ఏడుకొండలు ఇంటి వసారాలో పడుకున్నాడు. బల్బు వెలుగుతూనే ఉంది.

ఇప్పుడు జరిగింది రెండు రకాలుగా చెబుతాను.

పదిమందిలో చెప్పేది ఇలా ఉంటుంది. నడిరాత్రి... ఊరంతా కరెంటు పోయింది. చిమ్మ చీకటి. కుక్కలన్నీ ఒక్కసారి మోరెత్తాయి. రంపం గిర్రున లేచింది. పేర్చిన బల్లల్లోంచి ఒకటి దానంతటదే జరిగి బ్లేడు మీదికి వెళ్ళింది. చెక్కపొట్టు నా మొహాన పడింది. టార్చి వేసి చూస్తే... పాయ వైపు నుంచి బల్ల దాకా తడి పాదాల గుర్తులు. నేను లేచి, ఎవడ్రా నువ్వు అని గద్దించాను.

ఇందులో ఏదీ జరగలేదు. కరెంటు పోలేదు. కుక్కలు మొరగలేదు. పాదాలు లేవు, పొట్టు లేదు. నేను గద్దించలేదు.

జరిగింది చాలా చిన్నది. అందుకే చెప్పడం కష్టం.

మెలకువ వచ్చింది. ఎందుకొచ్చిందో తెలీదు. బల్బు వెలుగుతోంది. పోటు తీసింది కాబోలు, పాయ చప్పుడు లేదు. గాలి లేదు. తాటాకు కదలడం లేదు. ఎంత నిశ్శబ్దం అంటే... నా చెవుల్లో నా నెత్తురు వినిపిస్తోంది.

టిక్.

చిన్న చప్పుడు. గోటితో ఇనుము మీద మీటినట్టు.

బల్లి అనుకున్నాను. తల తిప్పలేదు. కళ్ళు మాత్రం తిప్పాను. బల్ల నాకు జానెడు దూరంలో... కాదు, బారెడు దూరంలో. వెలుగు సరిగ్గా దాని మీదే పడుతోంది. బ్లేడు పళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టచ్చు.

టిక్.

ఒక పన్ను... కిందికి దిగింది.

ఆగింది.

మళ్ళీ... టిక్. ఇంకో పన్ను.

మోటారు తిరిగినట్టు కాదండీ అది. మోటారు తిరగడం నాకు తెలుసు. నీరసంగా తిరిగినా, జారుతూ తిరిగినా దానికో ఒరవడి ఉంటుంది. ఇది అలా లేదు. ఇది... ఎవరైనా వేలితో తిప్పితే ఎలా ఉంటుందో అలా ఉంది. పనివాడు రంపం వేసే ముందు వేలితో బ్లేడుని నెమ్మదిగా తిప్పి చూసుకుంటాడు. ఎక్కడైనా రాసుకుంటోందా, ఏ పన్నయినా వంగిందా అని. కొంచెం తిప్పుతాడు. ఆగుతాడు. చూస్తాడు. మళ్ళీ తిప్పుతాడు. నచ్చకపోతే ఒక పన్ను వెనక్కి తిప్పి, మళ్ళీ చూస్తాడు.

అది ఒక పన్ను వెనక్కి తిరిగింది.

ఆగింది...

మళ్ళీ ముందుకి.

నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. రుమాలు ఉంది. ముడి ఉంది. ముడిలో బొగ్గు ముక్కలు రెండూ ఉన్నాయి. తడుముతున్నాను. రంపం వైరు మంచం పక్కనే చుట్టచుట్టుకుని పడుంది, కొసల మీద టేపుతో. కనిపిస్తూనే ఉంది.

టిక్.

భయం వేసిందా అంటే... వేసింది, కానీ మీరనుకునే భయం కాదు. ఏదో ఒక మనిషి పని చేసుకుంటుంటే పిలవకుండా వచ్చి పడుకున్నట్టు అనిపించింది. వాడి మంచం మీద. వాడి బల్బు కింద. పేరు పెట్టి పిలుద్దామనుకున్నాను. నాంచారయ్యా, నువ్వేనా అని. నోరు తెరిచాను కూడా.

పిలవలేదు.

పిలిస్తే ఏమయ్యేదో. ఆగిపోయేదేమో. జవాబొచ్చేదేమో. ఏదో ఒకటి తేలిపోయేది. నేను నోరు మూసుకుని, దుప్పటి తలమీదుగా లాక్కుని, చిన్నపిల్లాడిలా ముడుచుకున్నాను. లోపల్నించి వింటూ ఉన్నాను. ఇంకొన్ని సార్లు. ఆ తరవాత లేదు. అది ఆగిపోయిందో, నాకు స్పృహే తప్పిందో చెప్పలేను.

కళ్ళు తెరిచేసరికి తెల్లారింది. బల్ల బల్లలాగే ఉంది. బ్లేడు బ్లేడులాగే ఉంది.

బయట బండి చప్పుడు. పంతులుగారు వచ్చారు. బండి వెనక దర్భల కట్ట. ఆయనకి పాపం ఎవరూ చెప్పలేదు. ఏడుకొండలు ఆయనకి ఏదో సర్ది చెబుతున్నాడు. నాగరత్నం టీ గ్లాసు పట్టుకుని పాక గుమ్మంలో నిలబడింది. తలస్నానం చేసింది. జడలో కనకాంబరాలు. పదేళ్ళు తగ్గినట్టుంది.

పంతులుగారు వినేట్టు, తమ్ముడు వినేట్టు అడిగింది.

"రాత్రి తిరగలేదు కదా బాబాయిగారూ?"

అందరూ నా వైపే చూస్తున్నారు. పంతులుగారి చెయ్యి దర్భల కట్ట మీద ఉంది.

నా నోరు మీకు తెలుసు కదా. చీమని ఏనుగు చేసే నోరు. ఏమీ లేని చోట గుర్రపు డెక్కలు వినిపించగల నోరు. అప్పుడు నిజంగా చెప్పాల్సింది నా దగ్గరుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు.

"తిరగలేదమ్మా. కరెంటే."

ఆవిడ గ్లాసు నా చేతికిచ్చి, రెండు చేతులూ జోడించింది. పంతులుగారు కట్ట విప్పకుండానే బండెక్కారు. నేను కొత్త బ్రష్షులు వేశాను. ఒకటి చేతిలోంచి జారి కింద పడింది. ముసలితనం అనుకున్నారు. ఇక దీని మీద నీళ్ళు పొయ్యొద్దమ్మా, తడిగుడ్డతో తుడువు చాలు అన్నాను. అలాగేనంది.

ఆటో కోసం నడిచాం. చెరువు గట్టు మలుపులో ఏడుకొండలు, "మీరు రాత్రి నిద్రపోలేదు కదా బాబాయ్," అన్నాడు. దోమలురా అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఇంటికొచ్చాక నేను ఊరుకున్నాననుకోకండి. అచ్చం అలాంటి రంపమే సంపాదించాను. తలకిందులుగా బిగించాను. బ్రష్షులు తీసేశాను. బ్రష్షులు తీస్తే లోపల పట్టు తగ్గుతుంది. బ్లేడు ఒక పక్క బరువుగా ఉంటే, మెత్తటి నేలలో బల్ల కాలు కాస్త దిగితే, దానంతటదే కొంచెం జారచ్చు. జారచ్చు కదా? కాళ్ళ కింద తడి మట్టి పోసి చూశాను. బల్ల వంచి చూశాను. బ్లేడుకి ఒక పక్క మైనం అంటించి చూశాను. జారితే ఒక్కసారి జారి ఆగిపోతుంది. అంతే. ఆగి, చూసి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకి... ఎన్ని రకాలుగా చేసినా రాలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేది.

కల అయ్యుండచ్చు. ముసలాణ్ణి. కొత్త చోటు. పులుసు కారం. అనుకుంటాను. ఒక్కోసారి నమ్ముతాను కూడా.

నమ్మని రోజుల్లో ఒకటే ఆలోచన. అది వాడే అయితే? నీళ్ళ కోసం అంత దూరం వచ్చి, తన బల్ల దగ్గర నిలబడి, నాకు తెలిసిన భాషలో నాకు చెప్పుకుంటే... నేను దుప్పటి కప్పుకున్నాను. పొద్దున లేచి, వాడు లేడన్నాను. కట్టిన దర్భలు విప్పకుండా వెనక్కి పంపించాను. ఇక వాడికి నువ్వులూ నీళ్ళూ ఎవరు వదులుతారు? పెళ్ళామేమో బతికున్నాడని కూర్చుంది. ఆ మాట నేనిచ్చిందే.

మరి నిజం చెబితే ఏమయ్యేది? ఆవిడ జడలో పూలు ఆ గుమ్మంలోనే తీసేసేది. నేను చూడలేక అన్నాను. పోనీ, అది మంచే అనుకుందామా... ఇన్నాళ్ళయినా ఆ మనిషి రాత్రుళ్ళు బల్బు వేసుకుని పాయ వైపు చూస్తూనే ఉంది. ఏడుకొండలు ముదినేపల్లి తీసుకొస్తానంటే రానంటుందట. ఆయనొస్తే ఇల్లు తాళం వేసి ఉంటే ఎలా అంటుందట.

నాకు ఫోను చేస్తుంది. అమావాస్య మర్నాడు పొద్దున్నే, తప్పకుండా. ఆరోగ్యం అడుగుతుంది. పిన్నిగారు బాగున్నారా అంటుంది. ఆ తరవాత చెబుతుంది. రాత్రి తిరగలేదండి, అని. మంచిదమ్మా, అంటాను. ఉంటానండి, అంటుంది.

మొదట్లో ఆ మాట గబగబా వచ్చేది. ఫోను ఎత్తగానే, నేను హలో అనకముందే. సంబరంగా.

ఇప్పుడు అలా రావడం లేదు. ఆరోగ్యాలూ అవీ అయ్యాక... ఒక క్షణం ఆగుతోంది. గాజుల చప్పుడు వినిపిస్తుంది. ఊపిరి వినిపిస్తుంది. అప్పుడంటుంది, తిరగలేదండి, అని. నా మొహం ఎదురుగా ఉన్నట్టు, ఎంతో జాగ్రత్తగా.

అబద్ధం చెప్పే ముందు మనిషి ఎలా ఆగుతాడో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

నేను అడగను. మంచిదమ్మా, అంటాను.